టర్బైన్ బ్లేడు వేడిని వెలుగుతో కొలవడం: ఏ సెన్సార్ ఎక్కడ నిలబడుతుంది

వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో ఇన్‌స్ట్రుమెంట్ విభాగంలో పనిచేసినవాళ్లకు పైరోమీటరు, అంటే వేడి వస్తువు ఇచ్చే వెలుగును బట్టి దూరం నుంచే దాని వేడి చెప్పే పరికరం, కొత్త కాదు. కిల్న్ (సిమెంటు బట్టీ) హుడ్‌కు బిగించిన, రెండు తరంగదైర్ఘ్యాల వెలుగును పోల్చి చూసే రెండు రంగుల పైరోమీటరు బర్నింగ్ జోన్‌లో క్లింకర్ 1450 డిగ్రీల దగ్గర ఎట్లా ఉందో రాత్రింబగళ్లు చెబుతూనే ఉంటుంది. ఎంత దుమ్ము లేచినా దాని మాట పెద్దగా తప్పదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పిల్లలు డిప్లొమా, బీటెక్ చదివి ఆదిభట్ల, శంషాబాద్ వైపు విమాన ఇంజిన్ల పనిలోకి వెళ్తున్నారు. టర్బైన్ బ్లేడు వేడి కొలవాలన్న మాట రాగానే చాలామంది ఆ కిల్న్ అనుభవాన్నే ముందుకు తెస్తారు: "రెండు రంగులది పెడదాం, తప్పు పోదు."

ఇంజిన్‌లో అది తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో లెక్కతో అర్థమైతే మిగతా ఎంపికలన్నీ తేలికవుతాయి. కాబట్టి ఏ సెన్సార్ కొనాలి అని మొదలుపెట్టకుండా, మీ దగ్గర కొలత ఏ దారిన చెడుతుంది అని మొదలుపెట్టమని మా సలహా.

ఇంత పట్టింపు ఎందుకు

నేటి పెద్ద ఇంజిన్లలో మొదటి దశ టర్బైన్ మీదికి వచ్చే గ్యాస్ వేడి 1500 డిగ్రీలు దాటుతుంది. బ్లేడు చేసే నికెల్ సూపర్ అల్లాయ్ 1300 నుంచి 1350 డిగ్రీల మధ్య కరుగుతుంది. బ్లేడు లోపల గుల్లగా పోసి, సన్నటి రంధ్రాల గుండా కంప్రెసర్ గాలిని ఊది, పైన సెరామిక్ పూత వేస్తేనే లోహం 900–1100 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. లోహం వేడి 10–15 డిగ్రీలు పెరిగితే క్రీప్ (వేడికి, బరువుకు లోహం మెల్లగా సాగిపోవడం) ఆయుష్షు దాదాపు సగమవుతుందనేది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం సింగిల్ క్రిస్టల్ (మొత్తం ఒకే స్ఫటికంగా పోసిన) బ్లేడ్లు తయారుచేసి హెచ్‌ఏఎల్‌కు ఇచ్చింది. అంత శ్రమతో పోసిన బ్లేడు ఆయుష్షును అంచనా వేయడానికి 40 డిగ్రీల తప్పు చూపే కొలత పనికిరాదు.

ప్రయాణికుల విమానాల్లో పైలట్ ముందు కనిపించేది సాధారణంగా ఈజీటీ, అంటే టర్బైన్ వెనకాల వచ్చే గ్యాస్ వేడి. దాన్ని కొలిచేది క్రోమెల్–అల్యూమెల్ థర్మోకపుల్, అంటే రెండు లోహపు తీగల జంట. బ్లేడు వేడి నేరుగా కాక్‌పిట్‌లో చూపిన ఇంజిన్లూ ఉన్నాయి. టోర్నడో యుద్ధ విమానంలోని ఆర్‌బీ199 ఇంజిన్‌లో ఆప్టికల్ పైరోమీటరు పెట్టి, టీబీటీ (టర్బైన్ బ్లేడు టెంపరేచర్) అనే మీటరు ఇచ్చారు. మిగతా చోట్ల ఆప్టికల్ కొలత ఎక్కువగా టెస్ట్ బెడ్ మీద, అంటే ఇంజిన్‌ను నేల మీద బిగించి నడిపే చోట, జరిగే పని.

దామరచర్లలోని యాదాద్రి థర్మల్ కేంద్రం లాంటి చోట పనిచేసేవాళ్లకు ఒక మాట. ఆవిరి టర్బైన్‌లో వేడి 600 డిగ్రీల లోపే. కేసింగ్‌కు బిగించిన థర్మోకపుల్స్‌తో ఆ పని సాగిపోతుంది, ఈ తంటా అక్కర్లేదు.

కొలిమి దగ్గర కమ్మరి చేసేదే

కర్రు సాగగొట్టే కమ్మరి దాన్ని కొలిమిలోంచి తీసి ఎండలో చూడడు, పందిరి నీడలోకి తెచ్చి రంగు చూస్తాడు. ఎండ వెలుగు కర్రు మీద పడి తిరిగొస్తే అసలు రంగు తెలియదు. పైరోమీటరు చేసేదీ అదే, దాన్ని చెడగొట్టేదీ అదే. వేడి వస్తువు తనంతట తాను ఇచ్చే వెలుగును అది కొలుస్తుంది. దాని మీద పడి తిరిగొచ్చిన వెలుగు కూడా అందులో కలిస్తే రెంటినీ వేరుచేయలేదు.

లెక్కకు ఒక్క సూత్రం చాలు. తరంగదైర్ఘ్యాన్ని మైక్రాన్లలో, ఉష్ణోగ్రతను కెల్విన్‌లో తీసుకుని రెండూ గుణించి 14388తో భాగించండి. వచ్చిన సంఖ్యను వెలుగులో వచ్చిన శాతం తప్పుతో గుణిస్తే ఉష్ణోగ్రతలో శాతం తప్పు వస్తుంది. చిన్న తరంగదైర్ఘ్యాలకు ఇది బాగా సరిపోతుంది.

బ్లేడు 1000 డిగ్రీలు, అంటే 1273 కెల్విన్ దగ్గర ఉందనుకోండి. ఎమిసివిటీ, అంటే అదే వేడిలో పూర్తి నల్లటి వస్తువు ఇచ్చే వెలుగులో ఈ ఉపరితలం ఎంత వంతు ఇస్తుందో చెప్పే సంఖ్య, 10 శాతం తప్పుగా పెట్టారు. 0.95 మైక్రాన్ల దగ్గర చూసే సిలికాన్ డిటెక్టర్ సుమారు 11 డిగ్రీలు తప్పు చెబుతుంది. 1.6 మైక్రాన్ల ఇండియం గాలియం ఆర్సెనైడ్ డిటెక్టర్ 18 డిగ్రీలు తప్పుతుంది. 10 మైక్రాన్ల దగ్గర చూసే పరికరమైతే (ఇక్కడ పై సూత్రం కాక పూర్తి ప్లాంక్ సూత్రం వాడాలి) 75 డిగ్రీలకు పైనే. బజారులో దొరికే చేతి ఇన్‌ఫ్రారెడ్ గన్ 8–14 మైక్రాన్లలో చూస్తుంది. బేరింగ్ వేడి చూడటానికి అది భేషుగ్గా పనికొస్తుంది, మండే లోహం దగ్గర పనికిరాదు అనడానికి కారణం ఇదే.

పూత లేని బ్లేడుకు: ఒకటే రంగు, చిన్న తరంగదైర్ఘ్యం

సెరామిక్ పూత లేకుండా, ఆక్సైడ్ పట్టిన లోహం కనిపించే బ్లేడు అయితే సిలికాన్ సింగిల్ బ్యాండ్ పైరోమీటరే మా మొదటి ఎంపిక. ఆక్సైడ్ పట్టిన నికెల్ అల్లాయ్ ఎమిసివిటీ 0.8–0.9 మధ్య ఉంటుంది, పెద్దగా ఊగదు. 1000 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ మారితే వెలుగు దాదాపు 0.9 శాతం మారుతుంది. ఇక్కడ చెప్పిన పైరోమీటర్లలో ఇంత సూటిగా స్పందించేది ఇంకొకటి లేదు.

దాని బలహీనత దిగువ వేడిలో ఉంది. 1000 నుంచి 700 డిగ్రీలకు దిగితే సిలికాన్‌కు అందే వెలుగు 39వ వంతు అవుతుంది, 600కు దిగితే 230వ వంతు. ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడు, ఐడిల్‌లో ఉన్నప్పుడు అది గుడ్డిదే. 700 కంటే తక్కువలో కూడా కావాలంటే 1.6 మైక్రాన్ల వైపు వెళ్లాలి. అక్కడ అదే 1000–700 మార్పుకు వెలుగు తొమ్మిదో వంతే అవుతుంది, ఆంప్లిఫయర్ తట్టుకుంటుంది.

తరచూ జరిగే పొరపాటు కొత్త బ్లేడు దగ్గర. మెరుస్తున్న కొత్త లోహానికి ఎమిసివిటీ తక్కువ. పరికరంలో 0.85 పెట్టి, నిజంగా 0.6 ఉంటే, 900 డిగ్రీల బ్లేడు 870 దగ్గర కనిపిస్తుంది. గంటలు గడిచి ఆక్సైడ్ పట్టేకొద్దీ రీడింగ్ పైకి పాకుతుంది. ఇంజిన్ వేడెక్కుతోందని అనుకుంటారు, నిజానికి బ్లేడు నల్లబడుతోంది. టెస్టుకు ముందే బ్లేడ్లను ఫర్నేస్‌లో కొన్ని గంటలు ఉంచి ఆక్సైడ్ పట్టించండి. అదే వేడిలో ఉంచి ఆక్సైడ్ పట్టించిన నమూనా ముక్క ఒకటి పక్కన ఉంచుకుని, దాని మీద ఎమిసివిటీ కొలిచి ఆ సంఖ్యే పెట్టండి. పుస్తకంలోని సంఖ్య పెట్టవద్దు.

రెండు రంగులది కిల్న్‌లో గెలిచి ఇంజిన్‌లో ఎందుకు ఓడుతుంది

రెండు తరంగదైర్ఘ్యాల వెలుగుల నిష్పత్తి చూసే పైరోమీటరుకు ఒక గొప్ప గుణం ఉంది. దారిలో అడ్డం వచ్చినది రెండు రంగులనూ సమంగా తగ్గిస్తే నిష్పత్తి మారదు. కిల్న్‌లో దుమ్ము సగం వెలుగును మింగేసిందనుకోండి. 1450 డిగ్రీల క్లింకర్‌ను 0.95 మైక్రాన్ల ఒంటి రంగు పరికరం 126 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. నిష్పత్తి పరికరం కదలదు. అందుకే అక్కడ దానికి అంత పేరు.

ఇంజిన్‌లో ప్రధాన శత్రువు దుమ్ము కాదు, తిరుగు వెలుగు. బ్లేడు ముందు నాజిల్ వేన్లు, అంటే తిరగకుండా నిలిచి ఉండే రెక్కలు, ఉంటాయి, అవి బ్లేడు కంటే వేడిగా ఉంటాయి. వాటి వెలుగు బ్లేడు మీద పడి, కొంత పరావర్తనం చెంది మీ లెన్స్‌లోకి వస్తుంది. లెక్క వేసి చూద్దాం. బ్లేడు 900 డిగ్రీలు, ఎమిసివిటీ 0.85. దాని ముందున్న ఆవరణలో సగం 1100 డిగ్రీల వేన్లు. అప్పుడు 0.95 మైక్రాన్ల పరికరం 43 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. 1.6 మైక్రాన్ల పరికరం 38 డిగ్రీలు ఎక్కువ. ఆ రెండింటి నిష్పత్తి మాత్రం 51 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది! వేడి వస్తువు వెలుగులో చిన్న తరంగదైర్ఘ్యం వాటా ఎక్కువ, నిష్పత్తి ఆ వాటానే నమ్ముతుంది కాబట్టి ఎక్కువ మోసపోతుంది.

రెండో చిక్కు, రెండు రంగులూ దగ్గరగా ఉంటే. 0.95, 1.6 మైక్రాన్లు తీసుకుంటే రెండు ఎమిసివిటీల మధ్య 5 శాతం తేడాకు 1000 డిగ్రీల దగ్గర 13 డిగ్రీల తప్పు వస్తుంది. 0.95, 1.05 తీసుకుంటే అదే 5 శాతానికి 56 డిగ్రీలు. ఒకే సిలికాన్ డిటెక్టర్‌తో రెండు ఫిల్టర్లు పెట్టి "రెండు రంగుల" పరికరమని అమ్మేవాటి కేటలాగ్‌లో ఈ రెండు తరంగదైర్ఘ్యాలూ ముందు చూడండి. ఆ పేజీలో అవి ఇవ్వకపోతే ఆ పరికరం వద్దు.

అయినా రెండు రంగులు కొనమనే మేం చెబుతాం. నిష్పత్తి కోసం కాదు, రెండు సాక్ష్యాల కోసం. 0.95, 1.6 చానెళ్లు రెండూ విడివిడిగా రికార్డు చేసుకోండి, నిష్పత్తిని మూడో గీతగా లెక్కించుకోండి. లెన్స్ మీద మసి పట్టి 10 శాతం వెలుగు తగ్గితే మొదటిది 11, రెండోది 18 డిగ్రీలు దిగుతాయి, నిష్పత్తి దాదాపు అక్కడే ఉంటుంది. తిరుగు వెలుగు పెరిగితే మూడూ పైకి వెళ్తాయి, నిష్పత్తి అన్నిటికంటే పైకి వెళ్తుంది. గమనించండి, రెండు సందర్భాల్లోనూ 0.95 చానెల్ 1.6 కంటే పైనే కనిపిస్తుంది. రెండింటి తేడా ఒక్కటే చూసి జబ్బు చెప్పబోతే పొరబడతారు. మూడు గీతలు ఎటు కదిలాయో చూడాలి. ఒక మినహాయింపు ఉంది: బాగా సన్నటి మసి చిన్న తరంగదైర్ఘ్యాన్నే ఎక్కువ మింగుతుంది, అప్పుడు నిష్పత్తి కూడా కిందికి దిగుతుంది.

ఇంధనం పెంచిన మరుక్షణం పెరిగినది తిరుగు వెలుగో మంట వెలుగో అయి ఉంటుంది. లోహం అంత త్వరగా వేడెక్కదు. పది గంటల్లో మెల్లగా దిగినది లెన్స్ మసి.

సెరామిక్ పూత ఉంటే ఆట మారుతుంది

ఇట్రియా కలిపిన జిర్కోనియా పూత, సాధారణంగా 100 నుంచి 300 మైక్రాన్ల మందం, 1–2 మైక్రాన్ల వెలుగుకు సగం పారదర్శకం. మీరు కొలిచేది పూత పైభాగమో, మధ్యభాగమో, అడుగున ఉన్న లోహమో చెప్పలేరు. పైగా అది తెల్లటిది, ఎమిసివిటీ బాగా తక్కువ, కంబస్టర్ (ఇంధనం మండే గది) మంటనూ వేన్లనూ అద్దంలా చూపిస్తుంది. పూత బ్లేడు మీద సిలికాన్ పైరోమీటరు చూపే అంకెను బ్లేడు వేడి అని రిపోర్టులో రాయకండి.

తరంగదైర్ఘ్యం 10 మైక్రాన్లు దాటాక జిర్కోనియా అపారదర్శకం అవుతుంది, ఎమిసివిటీ 0.9 దాటుతుంది. అక్కడ చూసే పైరోమీటరు పూత పైభాగాన్నే కొలుస్తుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం 10 శాతం తప్పుకు 75 డిగ్రీలు పోతాయి, నిజమే, కానీ ఇక్కడ ఎమిసివిటీ 2 శాతం లోపు తెలుసుకోగలం, అంటే 15 డిగ్రీలు. అది చెల్లించక తప్పని ధర. ఇంకో ధర పరికరాల్లో ఉంది: సఫైర్ 5 మైక్రాన్లు దాటితే వెలుగును వదలదు, సిలికా ఫైబర్ 2 మైక్రాన్లకే ఆగిపోతుంది. జింక్ సెలినైడ్ లెన్స్‌లు, అద్దాలతో మలిచే ఆప్టిక్స్, చల్లబరిచిన మెర్క్యురీ కాడ్మియం టెలురైడ్ డిటెక్టర్ కావాలి. జింక్ సెలినైడ్ మెత్తటిది, గీతలు పడుతుంది, సఫైర్‌లా గుడ్డతో తుడిస్తే పాడవుతుంది.

దుమ్ము గురించి ఒక మాట. ఇంజిన్ మింగిన ఇసుక, మట్టి 1200 డిగ్రీలు దాటితే గాజులా కరిగి పూత మీద అంటుకుంటుంది. కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్ ఆక్సైడ్ల ఆ పొరను సీమాస్ అంటారు. అది పూత ఎమిసివిటీని మారుస్తుంది, కూలింగ్ రంధ్రాలనూ మూస్తుంది. రీడింగ్ మారితే రెండు కారణాలూ నిజం కావచ్చు, బోరోస్కోప్ (సన్నటి రంధ్రం గుండా ఇంజిన్ లోపలికి చూసే పరికరం) పెట్టి చూడక తప్పదు.

ఫాస్ఫర్: తిరుగు వెలుగును లెక్కచేయని దారి

ఫాస్ఫర్ పొడిని బ్లేడు మీద పలచగా పూసి, అతినీల లేజర్‌తో, ఎక్కువగా 355 నానోమీటర్లు, ఒక్క మెరుపు ఇస్తే అది తిరిగి మెరుస్తుంది. ఆ మెరుపు ఎంతసేపట్లో ఆరిందో చూస్తే వేడి తెలుస్తుంది. ఎమిసివిటీతో పని లేదు, వేన్ల వెలుగుతో పేచీ లేదు, లెన్స్ మసకబారినా ఆరే సమయం మారదు. యూరోపియం కలిపిన ఇట్రియం ఆక్సైడ్ 611 నానోమీటర్ల ఎర్ర వెలుగునిస్తుంది. డిస్ప్రోసియం కలిపిన యాగ్ (ఇట్రియం అల్యూమినియం గార్నెట్)లో 455, 497 నానోమీటర్ల గీతల నిష్పత్తి చూస్తారు. వేడి 1200 దాటితే బ్లేడు తనంతట తానే ఎర్రగా మండుతూ ఎర్ర ఫాస్ఫర్‌ను ముంచేస్తుంది, అప్పుడు ఈ నీలి వైపు ఫాస్ఫరే దిక్కు.

కదలని వేన్‌కు ఇది అన్నిటికంటే నమ్మకమైన దారి. తిరిగే బ్లేడుకు మాత్రం ఒక లెక్క వేయకుండా డబ్బు పెట్టవద్దు. 0.6 మీటర్ల వ్యాసం, నిమిషానికి 12,000 చుట్లు అయితే బ్లేడు సెకనుకు 377 మీటర్లు పరుగెత్తుతుంది. మెరుపు ఆరడానికి 1 మైక్రోసెకను పడితే బ్లేడు 0.4 మిల్లీమీటరు కదులుతుంది, పర్వాలేదు. 10 మైక్రోసెకన్లయితే దాదాపు 4 మిల్లీమీటర్లు. 100 మైక్రోసెకన్లయితే 38 మిల్లీమీటర్లు, అప్పటికి పక్క బ్లేడు కూడా దాటిపోతుంది. కాబట్టి మీరు కొలిచే వేడిలో ఆరే సమయం కొద్ది మైక్రోసెకన్ల లోపు ఉండే ఫాస్ఫర్ ఎంచుకోండి, లేకపోతే రెండు గీతల నిష్పత్తి పద్ధతికి వెళ్లండి. పూత రాలిపోవడం ఇంకో బెడద. బైండర్‌తో పూసినది టెస్ట్ బెడ్ మీద కొన్ని గంటలు ఉంటే గొప్ప. ఎక్కువ కాలం కావాలంటే ఫాస్ఫర్‌ను సెరామిక్ పూతలోనే కలిపి ప్లాస్మా స్ప్రే చేయించాలి.

మిగతావి, క్లుప్తంగా

థర్మల్ పెయింట్ వేడికి రంగు మారి, చల్లారినా ఆ రంగులోనే ఉండిపోతుంది. ఇంజిన్‌ను అనుకున్న స్థితిలో కొద్ది నిమిషాలు నడిపి, ఆపి, విప్పి చూడాలి. ఒక్కసారికే పనికొస్తుంది, కానీ బ్లేడు మొత్తం మీద వేడి ఎక్కడ ఎక్కువో ఒకే చూపులో చెబుతుంది. పైరోమీటరు ఎక్కడ గురిపెట్టాలో తేల్చుకోవడానికి ముందు ఇది చేయడం తెలివైన పని.

బ్లేడులో పొదిగిన థర్మోకపుల్ నమ్మకమైనదే, కానీ తిరిగే చక్రం నుంచి సిగ్నల్ బయటికి తేవడానికి స్లిప్ రింగు గానీ టెలిమెట్రీ గానీ కావాలి, తీగ కోసం చేసిన గాడి బ్లేడును బలహీనం చేస్తుంది. ఒకటి రెండు బ్లేడ్లకు పెట్టి పైరోమీటరును దానితో సరిచూసుకోవడం మంచి జోడీ.

కొనకు నల్లటి టోపీ తొడిగిన సఫైర్ కడ్డీ గ్యాస్ వేడిని కొలుస్తుంది. బ్రాగ్ గ్రేటింగ్ ఫైబర్లు, అంటే లోపల సన్నటి గీతలు రాసి వేడి కొలిచేలా చేసిన గాజు తీగలు, వేన్‌కో కేసింగ్‌కో అతికించేవి, తిరిగే బ్లేడుకు కావు. మామూలు సిలికా గ్రేటింగ్ కొన్ని వందల డిగ్రీలకే చెరిగిపోతుంది కూడా.

వేగం: ఒక్కో బ్లేడు చూడాలంటే

పైన చెప్పిన చక్రానికే 80 బ్లేడ్లు ఉంటే సెకనుకు 16,000 బ్లేడ్లు మీ లెన్స్ ముందు దాటుతాయి. ఒక్కోటి 62.5 మైక్రోసెకన్లు. బ్లేడుకు బ్లేడుకు దూరం 23.6 మిల్లీమీటర్లు, పైరోమీటరు ఒకసారికి చూసే చుక్క 2 మిల్లీమీటర్లయితే అది తన వెడల్పంత దూరం దాటడానికి 5.3 మైక్రోసెకన్లు. ఆంప్లిఫయర్ బ్యాండ్‌విడ్త్ కనీసం 70 కిలోహెర్ట్‌జ్, 200 ఉంటే నిశ్చింత. సెకనుకు పది లక్షల శాంపిళ్లు తీసే కార్డు, చుట్టుకు ఒక పల్స్ ఇచ్చే మార్కర్ తప్పనిసరి. మార్కర్ లేకపోతే ఏదో ఒక బ్లేడు వేడిగా ఉందని తెలుస్తుంది, ఏ బ్లేడో తెలియదు.

తెర మీద గీతను దగ్గరగా చూడండి. ముందు అంచు ఒక చిన్న గుట్టలా లేస్తుంది, బ్లేడు ఒంటి మీద మెల్లగా జారుతుంది, కూలింగ్ రంధ్రాల వరుస దగ్గర గుంట పడుతుంది, తర్వాత ఒక్కసారిగా పొడుగాటి ముల్లు. ఆ ముల్లు బ్లేడు కాదు, రెండు బ్లేడ్ల సందులోంచి కనిపించిన వేన్ లేదా మంట. సగటు మాత్రమే చూపే చవక పరికరం ఆ ముల్లును కూడా కలిపి సగటు కడుతుంది. ప్రతి చుట్టులోనూ ఒకే చోట ఒకే బ్లేడు ఎత్తుగా ఉంటే దాన్ని నమ్మండి, దాని కూలింగ్ దారి మూసుకుపోయి ఉంటుంది. ఒక చుట్టులో కనిపించి మరో చుట్టులో మాయమయ్యే ముళ్లు కంబస్టర్‌లోంచి ఎగిరొచ్చిన నిప్పు మసి. ఒక్కో బ్లేడుకు పది చుట్లలో వచ్చిన అతి తక్కువ విలువను తీసుకుంటే అవి రాలిపోతాయి. పది చుట్లంటే 50 మిల్లీసెకన్లే.

బిగింపు, పర్జ్ గాలి, మన ఎండ

లెన్స్ ముందు నుంచి శుభ్రమైన గాలి ఎప్పుడూ ఊదుతూ ఉండాలి, దీన్నే పర్జ్ అంటారు. దాని పీడనం గ్యాస్ దారి పీడనం కంటే ఎక్కువ ఉండాలి. అందుకే ఇంజిన్‌లో కంప్రెసర్ చివరి గాలినే తీస్తారు. రిగ్ మీదైతే సిలిండర్ నైట్రోజన్ వాడండి, లేదా నూనె లేని కంప్రెసర్. షాపులో ఉండే మామూలు కంప్రెసర్ గాలితో వచ్చిన నూనె తుంపర లెన్స్ మీద కాలి గోధుమరంగు వార్నిష్‌లా పట్టుకుంటుంది. మంట ముట్టించక ముందే పర్జ్ మొదలుపెట్టాలి, ఇంజిన్ ఆగాక కూడా పూర్తిగా చల్లారేదాకా ఆపకూడదు. ఎక్కువ లెన్స్‌లు పాడయ్యేది నడిచేటప్పుడు కాదు, ఆపిన తర్వాతి పావుగంటలో, మిగిలిన ఇంధనం పొగ వచ్చి చల్లటి లెన్స్ మీద పేరుకున్నప్పుడు.

చూపు బ్లేడు ఉపరితలానికి నిటారుగా ఉంటే మేలు. 60 డిగ్రీలకు మించి వాలితే ఎమిసివిటీ పడిపోతుంది, తిరుగు వెలుగు పెరుగుతుంది. 1.6 మైక్రాన్ల చానెల్‌కు తేమ తక్కువ రకం సిలికా ఫైబర్ అడగండి, మామూలు దానిలో 1.38 మైక్రాన్ల దగ్గర గండి ఉంటుంది. గ్యాస్‌లోని నీటి ఆవిరి 1.4, 1.9, 2.7 మైక్రాన్ల దగ్గర, కార్బన్ డయాక్సైడ్ 2.7, 4.3 దగ్గర వెలుగును మింగుతాయి, ఆ బ్యాండ్లకు దూరంగా ఉండండి.

డిటెక్టర్ పెట్టె సంగతి మన దగ్గర ప్రత్యేకం. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండ 44–45 డిగ్రీలకు చేరుతుంది, రేకు పెట్టె ఎండలో పెడితే లోపల ఇంకా చాలా ఎక్కువ. డిటెక్టర్ లీకేజీ కరెంటు ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది. తక్కువ వేడి కొలిచేటప్పుడు ఆ లీకేజీనే సిగ్నల్ అనుకుంటారు. ఫైబర్ పొడుగ్గా తీసుకుని డిటెక్టర్‌ను ఏసీ గదిలో పెట్టండి. ప్రతి టెస్టుకు ముందు, తర్వాత లెన్స్ మూసి చీకటి రీడింగ్ రాసుకోండి.

కాలిబ్రేషన్ బ్లాక్‌బాడీ ఫర్నేస్ (ఎమిసివిటీ దాదాపు 1 ఉండే ప్రమాణ కొలిమి) ముందు, కిటికీ, లెన్స్, ఫైబర్ అన్నీ బిగించే చేయండి. సఫైర్ కిటికీ రెండు ముఖాల దగ్గర కలిపి 14 శాతం వెలుగు వెనక్కి పోతుంది. కిటికీ లేకుండా కాలిబ్రేట్ చేసి తర్వాత బిగిస్తే 1000 డిగ్రీల దగ్గర 16 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. ఫర్నేస్ సర్టిఫికెట్ ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్–ఎన్‌పీఎల్ ప్రమాణాలకు ముడిపడి ఉందో లేదో చూడండి. అల్యూమినియం 660.323, వెండి 961.78, రాగి 1084.62 డిగ్రీల దగ్గర గడ్డకట్టే స్థిర బిందువులు మనకు కావలసిన పరిధిని చాలావరకు పట్టిస్తాయి.

ఎగిరే విమాన ఇంజిన్‌కు మీ అంతట మీరు రంధ్రం వేయడం, ప్రోబ్ దూర్చడం అసలే కుదరదు. ఇదంతా టెస్ట్ ఇంజిన్, రిగ్ వరకే. అక్కడ కూడా ప్రోబ్ మూతి నుంచి ఒక్క స్క్రూ ఊడి పడితే బ్లేడ్ల వరుస మొత్తం పోతుంది. ప్రతి స్క్రూకీ లాక్ వైర్ కట్టాలి.

కాలేజీ ల్యాబ్‌లో చిన్న జెట్ ఇంజిన్ ఉంటే

పాలమూరు, నల్లగొండ వైపు ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టుకు అందుబాటులో ఉండేది మోడల్ విమానాల చిన్న టర్బోజెట్. దానికి పైన చెప్పినదంతా ఒక మెట్టు మారుతుంది. చక్రం వ్యాసం 66 మిల్లీమీటర్లు, నిమిషానికి లక్ష చుట్లు, 25 బ్లేడ్లు అనుకుంటే అంచు వేగం సెకనుకు 345 మీటర్లు, పెద్ద ఇంజిన్‌కు దగ్గరే. కానీ బ్లేడ్ల మధ్య దూరం 8 మిల్లీమీటర్లే, ఒక్కోటి 24 మైక్రోసెకన్లలో దాటిపోతుంది. చుక్క 1 మిల్లీమీటరు లోపు ఉండాలి. చక్రం వేడి 600 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి సిలికాన్ వద్దు, 1.6 మైక్రాన్ల డిటెక్టర్ తీసుకోండి. ఆ వేడిలో ఎమిసివిటీ 10 శాతం తప్పినా 8–9 డిగ్రీలే పోతుంది. పూత ఉండదు, వెనకాల ఎగ్జాస్ట్ వైపు నుంచి సూటిగా చూడొచ్చు, కేసింగ్‌కు రంధ్రం అక్కర్లేదు, వేన్ల తిరుగు వెలుగు కూడా అటు నుంచి తక్కువ. లెన్స్‌ను ఎగ్జాస్ట్ ధారకు పక్కగా, వాలుగా పెట్టి, చక్రాన్ని తిప్పకుండా ఎర్ర లేజర్‌ను ఫైబర్ వెనక నుంచి పంపి చుక్క బ్లేడు మీద ఎక్కడ పడుతుందో ముందు చూసుకోండి. చుక్క బ్లేడు వెడల్పులో మూడో వంతు దాటితే ఫోకస్ సరిచేసి, ఆ తర్వాతే ఇంజిన్ ముట్టించండి.